జీడి గుర్తు

దురద మొదట నడుముకు కుడిపక్కన మొదలైంది. చీర లోపలి కొసను దోపుకుంటామే, సరిగ్గా అక్కడ. చెమటకాయలనుకుని పౌడర్ చల్లుకున్నాను. తెల్లారేసరికి ఆ చోటు ఎర్రబడి ఆవగింజలంత పొక్కులు లేచాయి. సాయంత్రానికి వాటిలో నీరు చేరింది. గోకితే మంట, గోకకుంటే ప్రాణం నిలవదు. నాకసలే ఓపిక తక్కువ, గోకాను. మూడోనాటికి చేతివేళ్ల మీద కూడా లేచాయి.

తాండూరులో మా ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని పద్దెనిమిదేళ్లుగా బట్టలు కుడుతున్నాను. మల్లీశ్వరి కుట్టిన జాకెట్‌ను మళ్లీ సరిచేయించుకునే పని ఉండదని మా గల్లీలో పేరు. పేరుతోపాటు నోరు కూడా పెద్దదేనంటారు, అననివ్వండి. పొక్కుల వేళ్లతో సూది పట్టుకోలేకపోయినందుకు కాదు నా దిగులు. వచ్చే గురువారం యాలాల్ తహసీల్దారు ఆఫీసులో నా వేలిముద్ర పడాలి. అది మా అన్న పరశురాం కోసం.

మా నాన్న మొగులప్ప పోయి ఏడాది దాటింది. యాలాల్ దగ్గర మా ఊళ్లో ఆయన పేరున నాలుగెకరాల కంది చేను ఉంది. దాన్ని అన్న పేరుకు మార్చాలంటే ఆడపిల్లనైన నేను కూడా వచ్చి, నాకు సమ్మతమేనని చెప్పి ముద్ర వేయాలి. విరాసత్ అంటారు దాన్ని. నా భాగం నాకొద్దని నేనే ముందుగా అన్నాను. నన్నెవరూ బతిమాలలేదు, బెదిరించలేదు. అన్న గొర్రెల వెంట తిరిగి, చేను చేసుకుని బతికే మనిషి. నేను వాడి చెల్లెల్ని. ఇంకేం కావాలి?

మా ఆయన పాండురంగం బండల పాలిష్ మిల్లులో పని చేస్తాడు. మాటలు తక్కువ మనిషి. "మంచిగ ఆలోచన చేసుకున్నవా?" అని ఒక్కసారి అడిగాడు. "మా అన్న గురించి నాకు జెప్తవా?" అని ఇంతెత్తున లేచాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నేను అన్నను అడిగింది ఒకటే. "అన్నా, నాకు ఒడిబియ్యం పొయ్యి. అమ్మ పోయినంక ఎవ్వలు పొయ్యలే."

పెళ్లయిన ఆడపిల్ల ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి కొత్త చీర పెట్టడం మా వైపు పుట్టింటివాళ్లు చేసే ముచ్చట. బియ్యం ఎవరింట్లోనైనా ఉంటాయి, చీరలు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. కానీ ఎన్నేళ్లయినా నువ్వింకా మా ఇంటి మనిషివే అని నలుగురి ముందు అనిపించుకోవడానికి మాకు ఇంకో దారి లేదు. అమ్మ పోయి తొమ్మిదేళ్లు. గల్లీలో ఎవరికో ఒడిబియ్యం పోస్తుంటే చూసి వచ్చి, మిషను ముందు కూర్చుని కుళ్లికుళ్లి ఏడ్చిన రోజులున్నాయి. ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

అన్న పోశాడు. దసరా వెళ్లిన రెండో ఆదివారం వదిన నాగరాణితో కలిసి వచ్చాడు. కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు బియ్యం అన్నీ తెచ్చారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, చీర మాత్రం అన్నే తన చేత్తో అందించాడు. వంకాయ రంగు పట్టుచీర, సన్న జరీ అంచు, బజారులో పెద్ద బట్టల దుకాణం కవరు.

"ఎవ్వలి మీద ఇడిసిపెట్టలే చెల్లె. నేనే పోయి తెచ్చిన," అన్నాడు.

కుట్టేదాన్ని కదా, చెయ్యి ఊరుకోలేదు. అంచు తిప్పి చూశాను. ఫాల్ అప్పటికే కుట్టి ఉంది. పనిలో పడి చెల్లె తన చీరకు ఎప్పుడు కుట్టుకుంటుందిలే అని అన్న ముందే కుట్టించాడనుకుని మురిసిపోయాను. లోపలి కొసన జాకెట్ ముక్క కోసేసి, పికో కూడా చేసి ఉంది. రవిక గుడ్డ విడిగా, ఇంకేదో ఎరుపులో పెట్టారు. దుకాణంవాడు పొరపాటున కోసి ఉంటాడు, అన్న మొహమాటానికి అడిగి ఉండడు అనుకున్నాను. ఇదే చీర ఏ గిరాకీ అయినా తెచ్చి కొత్తదని చెబితే మొహం మీదే నవ్వేదాన్ని. పద్దెనిమిదేళ్ల పనితనం ఆ ఒక్కరోజు ఏ గంగలో కలిసిందో!

ఆ వారం జాకెట్ల కోసం వచ్చిన ప్రతి మనిషికీ ఆ చీర చూపించాను. పక్కింటి వజీరాబీకి మూడుసార్లు చూపించాను. మూడోసారి ఆమె, "మస్తుంది మల్లీశ్వరీ, నాకు యాదికుంది," అంది.

దురద మొదలైంది ఆ మంగళవారమే. ఇక ఎవరికి తోచిన రోగం వాళ్లు అంటగట్టారు. వజీరాబీ తప్పును వంట మీద పెట్టింది. "గరం చీజులు తిన్నవు. ఎండుచాపలు, వంకాయ జర బంద్ చెయ్," అంది. మందుల దుకాణం మల్లికార్జున్ ఫుడ్ అలర్జీ అని తేల్చేసి, ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. అది రాస్తే మంట రెండింతలయింది. మా ఆయన తన బట్టలకు అంటిన బండల దుమ్మే కారణమేమోనని అనుమానపడి, ఆ రోజు నుంచి తన బట్టలు తానే విడిగా పిండుకోవడం మొదలుపెట్టాడు. చూస్తే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

మా అత్త మొగులమ్మ మాత్రం పొక్కులు చూడగానే గుండె బాదుకుంది. "ఓ అవ్వా, గిది సర్పి. నడుము సుట్టు తిరిగి తలా తోకా కలిస్తె మనిషి దక్కదు," అంటూ నన్ను కుమ్మరి ఇంటికి లాక్కుపోయింది. ఆయన ఎర్రమట్టి జాజుతో నా నడుము మీద ఏదో బొమ్మ గీశాడు. దాన్నో సింహమన్నాడు. నాకైతే కుక్కపిల్లలా కనబడింది. సింహం ఉండగానే పొక్కులు ఇంకో బెత్తెడు పాకాయి.

అన్నకు ఫోన్ చేస్తే వెంటనే పసిగట్టినట్టు మాట్లాడాడు. "మొన్న చేన్లకు వచ్చినవు గద, కంది పూత మీద ఎర్ర చారల పురుగులు ఉంటయి. అవి నలిగితె గట్లనే పొక్కుతది. ఏం ఫికర్ జెయ్యకు." ఫోన్ పెట్టేసే ముందు, "గురువారం దాక తగ్గుతదా?" అన్నాడు.

నా గురించి ఎంత బెంగపడుతున్నాడో అనుకున్నాను. పురుగు మాట నాకు నచ్చింది. నచ్చడమేమిటి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పురుగేనని చెప్పుకొచ్చాను. ఒడిబియ్యం వండి చుట్టాలకు పెట్టాల్సిన ఐదోరోజున మళ్లీ ఆ చీరే కట్టాను. పొక్కుల మీద జరీ గీరుకుంటుంటే పళ్లు బిగబట్టి వడ్డించాను. పుట్టింటి చీర విప్పేస్తే కీడు, విప్పమన్నవాళ్లతో తగవు.

ఆ రాత్రికి వేళ్లు ముడుచుకోలేనంతగా వాచాయి. సోమవారం మా ఆయన పనికి సెలవు పెట్టి, వికారాబాదులో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. నేను తయారై బయటికి వచ్చేసరికి నావంక చూసి, "ఒళ్లంత పొక్కులు పెట్టుకుని పట్టుచీరె ఎందుకే?" అన్నాడు.

"డాక్టరు కాడికి పాత బట్టల్ల పోతరా?" అన్నాను.

పొద్దుటి రైల్లో వికారాబాదు చేరాం. డాక్టరు ముబష్షిరా నాకంటే చిన్నదే. పొక్కులు చూసింది తక్కువ, ప్రశ్నలు అడిగింది ఎక్కువ. పురుగు అన్నాను. పురుగు పాకితే అది పాకిన దారిలో చారలాగా పొంగుతుంది, దురదకంటే మంట ఎక్కువ, అది నలిగిన రోజుతో సరి, వారం తరువాత మళ్లీ అదే చోట ఎందుకొస్తుంది అంది. సర్పి అన్నాను. దానికి నొప్పి ఎక్కువ, ఒకే పక్కన ఉంటుంది, రెండు చేతుల వేళ్లకూ రాదు అంది. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా అని అడిగింది. లేదన్నాను. అయితే గజ్జి కూడా కాదు అంది. సబ్బు మార్చారా, జుట్టుకు రంగు వేస్తారా, కొత్త నగ ఏదైనా పెట్టుకున్నారా? అన్నిటికీ లేదు, లేదు, లేదు.

"మొట్టమొదట ఎక్కడ మొదలైందమ్మా?"

నడుము దగ్గర వేలు పెట్టి చూపించాను.

"అక్కడ రోజూ ఏం తగులుతుంది?"

"ఏం తగుల్తది డాక్టరమ్మా, చీరె కొసనే."

"తీసి చూపించండి."

దోపిన కొసను బయటికి లాగాను. పికో పక్కనే, ముదురు వంకాయ రంగులో కలిసిపోయి, గోరంత నల్లటి గుర్తు ఉంది. ఒక గీత, కింద రెండు చుక్కలు, పక్కన ఒక చిన్న వంపు. నేను రోజూ నూలుపోగులతో బతికేదాన్ని, ఆ గుర్తు నా కంటికి కనబడలేదు.

"ఇది ధోబీ గుర్తు," అంది డాక్టరమ్మ. "నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో పెడతారు. ఎన్ని ఉతుకులకైనా పోదు. కొందరి ఒంటికి అది పడదు, ఇట్లాగే పొక్కుతుంది. మీరు ఈ కొసను వేళ్లతోనే కదా దోపుతారు, అందుకే వేళ్లకూ వచ్చింది. ఈ చీర కట్టడం మానేయండి, పదిహేను రోజుల్లో మానిపోతుంది."

"అట్లెట్ల? గిది కొత్త చీరె. మా అన్న ఒడిబియ్యంల పెట్టిండు."

ఆమె గుర్తును చూసింది, నన్ను చూసింది, తలవంచుకుని మందులు రాసింది. "కొత్తదో పాతదో నాకు తెలీదమ్మా. ఒక చాకిరేవు చూసిన చీర మాత్రం అవును," అంది మెల్లగా.

తిరుగు రైల్లో మా ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, పోట్లాడి కాస్త కుదుటపడేదాన్ని. దారంతా నేనే సాకులు అల్లాను. దుకాణంవాడు అన్నను మోసం చేసి ఉంటాడు, గొర్రెలు కాసేవాడికి పట్టు గురించి ఏం తెలుస్తుంది! కాదు, అన్న కొన్న కొత్తచీర వదిన దాచుకుని, తన పాతది కవరులో పెట్టి ఉంటుంది. ఈ రెండోది బాగా కుదిరింది. వదిన మీదికి నెట్టేశాక ప్రాణం తేలికపడింది. తాండూరు వచ్చేసరికి నాగరాణిని ఏమేం తిట్టాలో కూడా వరసగా పేర్చుకున్నాను.

స్టేషను నుంచి ఇంటికి పోకుండా పాతబజారులో అంజిలయ్య తాత లాండ్రీకి నడిచాను. ఉతుకు, ఇస్త్రీ, చీరల రోలింగ్ అన్నీ ఆయనే చేస్తాడు. డెబ్బై ఏళ్లు. మార్కరు పెన్నుతో రాస్తే సర్ఫులో పోతుందని ఇప్పటికీ జీడితోనే గుర్తు పెడతాడు. ఇంటికో గుర్తు. అవి ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు, అన్నీ ఆయన తలలోనే. చీర ఎవరిదో చెప్పకుండా కొస మాత్రం చేతికిచ్చాను.

అద్దాలు పెట్టుకుని వెలుగుకు పట్టి చూశాడు. "నా చెయ్యే బిడ్డ గిది. గీత కింద రెండు సుక్కలంటె యాలాల్ దిక్కు ఊర్లకు. గీ వంపు జూసినవా? పొట్టేలు కొమ్ము. గొర్లోళ్ల పరశురాంకు పెట్టిన. మీ అన్ననే గద."

"ఎవలు తెచ్చిండ్రు తాతా, మా వదినెనా?"

నా గొంతులో ఆశ నాకే వినబడింది. అవునని చెప్పవయ్యా అని లోపల మొక్కుకుంటున్నాను.

"లే, ఆయననే వచ్చిండు. నీ వదినెకు తెల్వదంట, పెట్టెల అడుగుకు ఉన్నదాన్ని తెచ్చిండు. పసుపు మరక ఉండె, తీపిచ్చుకున్నడు. గంజి మంచిగ వట్టి, రోలింగ్ జేసి, దుకాణంల ఎట్లుంటదో గట్లనే మడతలు రావాలన్నడు. రెండు దినాలకు మళ్ల వచ్చి, ఎండలకు తీసుకపోయి మడత మడత చూసుకున్నడు. కవరు గూడ ఆయన తాన్నే ఉండె."

"ఎందుకని జెప్పిండా?"

"చెల్లెకు ఒడిబియ్యం పోస్తున్న అన్నడు." అప్పటికి ముసలాయనకు నా మొహం కనబడింది. అద్దాలు తీసేశాడు. "నేను జెప్పేది లేకుండె బిడ్డ."

చెప్పినందుకు ఆయన మీద కోపం లేదు. అన్న మీద కోపం కూడా పాతచీర పెట్టినందుకు కాదు. నా చిన్నప్పటి లంగాలన్నీ అమ్మ పాతచీరలు చింపి కుట్టినవే. "చెల్లె, ఈ ఏడు కొననీకె చేతకాలే, మీ వదినె చీరె ఉంది, కట్టుకుంటవా" అని ఉంటే దాన్ని నెత్తిన పెట్టుకుని గల్లీ అంతా తిరిగేదాన్ని. ఎండలో నిలబడి మడత మడత చూసుకున్నాడట. నన్ను మోసం చేయడానికి అంత శ్రద్ధ పెట్టాడు. వారం రోజులుగా నేను గోక్కుంటున్నది ఆ శ్రద్ధనే, నా నడుము మీద పొక్కింది మా అన్న పేరే.

ఇంటికి వచ్చి చీర విప్పి పడేశాను. మా ఆయన అప్పుడు నోరు విప్పాడు. "గురువారం పోతవా?"

"పోత," అన్నాను. "ఒక్క మాట అడుగుత. తప్పయింది చెల్లె అని ఒక్క మాట అంటె వేలిముద్ర ఏసొస్త. వాడు నా తోడబుట్టినోడు."



గురువారం నాటికి పొక్కులు చితికి, వేళ్ల కొసల తోలు పొరలుగా ఊడుతోంది. యాలాల్ ఆఫీసు దగ్గర అన్న తెల్లచొక్కా వేసుకుని, నవ్వుతూ ఎదురొచ్చాడు. టీ తాగించాడు. నేను పాత నూలుచీరలో వచ్చిన సంగతి వాడి కంటికి ఆనలేదు. మా వంతు రాగానే లోపలికి పోయి కూర్చున్నాం. ఆపరేటరమ్మ మిషను ముందుకు జరిపి, వేలు పెట్టమంది.

బొటనవేలు పెట్టాను. ఎర్రలైటు వెలిగింది. చూపుడువేలు, మధ్యవేలు, ఎడమచెయ్యి. ఒక్కటీ పట్టుకోలేదు.

"గట్టిగ ఒత్తు చెల్లె," అన్నాడు అన్న. "గుడ్డతోని తుడుసుకో." ఇంకా పడకపోయేసరికి నా చెయ్యి లాక్కుని తనే ఒత్తబోయి, ఆ వేళ్లను చూసి ఆగిపోయాడు. ఇన్ని రోజుల్లో వాడు వాటిని చూడటం అదే మొదలు. "ఇంక తగ్గలేదా? గా పురుగు..."

"పురుగు కాదన్నా, జీడి. అంజిలయ్య తాత పెట్టిన గుర్తు."

వాడు ముందు ఆపరేటరమ్మ వైపు చూశాడు. తరువాత వెనక లైనులో ఉన్నవాళ్ల వైపు చూశాడు. ఎవరూ వినలేదని తేల్చుకున్నాకే నా వైపు తిరిగాడు. ఆ ఒక్క మాట అనేస్తే చాలు, చీర మరిచిపోతాను, జీడి మరిచిపోతాను, తిరిగి ఇంటికి పోయి మా ఆయనతో మా అన్న బంగారం అంటాను. నా ప్రాణమంతా వాడి పెదవుల మీదే ఉంది.

అన్న నా చెవి దగ్గరికి వంగాడు. చిన్నప్పుడు గుట్టుమాట చెప్పేటప్పటిలా నవ్వాడు కూడా.

"గిప్పుడు గవన్నెందుకే? కొత్త చీరె పెట్టకున్నా నువ్వు ముద్ర ఏస్తవని నాకు ఎర్కలేదా? ఇంక ఉత్తగ కొనుడెందుకని."

వాడు అబద్ధం చెప్పలేదు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. వేసేదాన్నే, నిజం. ఉట్టి చేతులతో వచ్చినా వేసేదాన్ని. నా ప్రేమ ఎంతో వాడికి అంత బాగా తెలుసు. తెలిసే దానికి ఒక కొత్తచీర కూడా దండగ అనుకున్నాడు. కాలిన చోట కూడా అంత మండదు.

"వేళ్లు వడ్తలేవు, కండ్లతోని తీసుకుందం," అంది ఆపరేటరమ్మ. దుర్భిణి లాంటి డబ్బా ఒకటి నా మొహం ముందు పెట్టింది. "కండ్లు మంచిగ తెరిసి దీంట్లకు చూడమ్మా."

అన్న నా కుర్చీని ముందుకు తోశాడు. నేను ముందుకు వంగి, డబ్బాకు మొహం ఆనించి, కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"కండ్లు తెరువమ్మా," అందామె.

"తెరువు చెల్లె, ఒక్క నిమిషం పని," అన్నాడు అన్న. నేను ఏడుస్తున్నాననుకున్నాడేమో, భుజం తట్టాడు. నేను ఏడవడం లేదు. వెనక లైనులో ఎవరో విసుక్కుంటున్నారు. అన్న చెయ్యి భుజం మీద బరువెక్కుతోంది. "ఓ మల్లీ, తెరువు!"

ఆపరేటరమ్మ డబ్బా వెనక్కి తీసింది. "ఏమ్మా, నీకు సమ్మతమేనా, కాదా?" అని అడిగింది.

మా అన్న ఏడాదిగా ఒక్కసారైనా నన్ను అడగని మాట అది.

"కాదు," అన్నాను, కళ్లు తెరిచి.